మబ్బులో బొంగరం: చిన్న విమానాల గైరో పరికరాలు, వాటి మరమ్మతు



బొంగరం తెలియని పల్లె మన వైపు లేదు. తెలుగులో బొంగరం, కన్నడంలో బుగురి, తమిళంలో పంబరం, మరాఠీలో భోవరా. పేరు ఏదైనా ఆట ఒకటే. తాడు చుట్టి విసిరితే గిర్రున తిరుగుతూ మేకు మీద నిటారుగా నిలబడుతుంది. వేగం తగ్గేకొద్దీ తల ఊపడం మొదలుపెడుతుంది. చివరికి సోలి పక్కకు ఒరుగుతుంది. నిలబడడం, తల ఊపడం, ఒరగడం అనే ఈ మూడు దశలనూ మనసులో పెట్టుకోండి. ఈనాటి ప్రసంగమంతా వాటి చుట్టూనే నడుస్తుంది. అయితే మనం చెప్పుకోబోయే బొంగరం వీధిలో తిరిగేది కాదు. చిన్న విమానంలో పైలట్ ఎదుట ఉండే పలకలో, గాజు అద్దం వెనక, నిమిషానికి 10,000 చుట్లకు పైగా తిరిగే బొంగరం అది. దాన్ని గైరోస్కోప్ అంటారు.

విమానాల సంగతి మనకెందుకని ఎవరైనా అనుకోవచ్చు. మన సరిహద్దు జిల్లాల పిల్లలు ఇప్పుడు పైలట్ శిక్షణకూ, విమాన నిర్వహణ చదువులకూ వెళుతున్నారు. కోలారు, చిక్కబళ్ళాపురం వైపు వారికి బెంగళూరు ఉత్తరాన జక్కూరులో ఉన్న ప్రభుత్వ విమాన శిక్షణ పాఠశాల దగ్గరే. హోసూరు పక్కన బెళగొండపల్లిలో 1990లలోనే చిన్న విమానాలు తయారు చేశారు. మహారాష్ట్రలో బారామతి శిక్షణకు పేరున్న ఊరు. ఈ చదువుల పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. కాని అందులోని శాస్త్రం పదో తరగతి భౌతికశాస్త్రాన్ని మించదు. బడిలో ఒక పాఠాన్నే తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి చెప్పే అలవాటున్న వాణ్ణి కనుక, ఈ పాఠాన్ని కూడా మన మాటల్లో చెప్పవచ్చునని నా నమ్మకం. మీ ఇంట్లో ఇలాంటి చదువు చదివే అబ్బాయో అమ్మాయో ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని వినండి.

ముందుగా ఒక ప్రశ్న. పైలట్‌కు కళ్ళున్నాయి, ఒళ్ళు ఎటు వంగిందో తెలుసుకునే స్పృహ ఉంది. ఇక పరికరం ఎందుకు?

ఆకాశం తేటగా ఉన్న రోజున నిజంగానే పెద్ద అవసరం లేదు. నేలా నింగీ కలిసే గీత, అంటే దిగంతరేఖ, ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. రెక్క ఒరిగితే ఆ గీత ఒరిగినట్టు కనిపిస్తుంది, పైలట్ సరిచేసుకుంటాడు. మబ్బులోకి వెళ్ళగానే ఆ గీత మాయమవుతుంది. అప్పుడు మిగిలేది చెవి. మన లోపలి చెవిలో అర్ధవృత్తాకారపు నాళాలు మూడు ఉంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరగడం మొదలు కాగానే ద్రవం వెనకబడుతుంది, తిరుగుతున్నామని మెదడుకు కబురు వెళుతుంది. ఒకే వేగంతో కొంతసేపు తిరిగితే ద్రవం కూడా నాళంతో పాటే కదులుతుంది. అప్పుడు తిరగడం లేదనే అనిపిస్తుంది. చిన్నప్పుడు గిరగిరా తిరిగి ఒక్కసారి ఆగితే ఇల్లంతా ఎదురు తిరిగినట్టు ఉండేది గుర్తుందా? అది ఈ ద్రవం చేసే పనే. మబ్బులో పైలట్ తెలియకుండా ఒక పక్కకు తిరుగుతూ ఉంటే, తిన్నగా పోతున్నాననే అనుకుంటాడు. సరిచేసుకుంటే, రెండో పక్కకు ఒరిగినట్టు అనిపిస్తుంది. ఆ అనుభూతిని నమ్మి మళ్ళీ మొదటి పక్కకే ఒంచుతాడు. విమానం చుట్లు చుడుతూ కిందికి దిగిపోతుంది.

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో దీన్ని పరీక్షించి చూశారు. పరికరాలను చూసి నడపడం నేర్వని 20 మందిని ఎంచుకుని, బయటి దృశ్యం కనపడకుండా చేసి నడపమన్నారు. 20 మందీ విమానాన్ని అదుపు తప్పించారు. అందుకు పట్టిన సమయం సగటున 178 సెకన్లు, అంటే మూడు నిమిషాలకన్నా తక్కువ. వారిలో తెలివి తక్కువ వారు ఎవరూ లేరు. మనిషి చెవి నడవడానికీ, పరుగెత్తడానికీ తయారైనది. మబ్బులో ఎగరడానికి తయారైనది కాదు.

ఈ లోటును తీర్చింది బొంగరమే. వేగంగా తిరిగే చక్రం తన ఇరుసు దిక్కును అంత సులభంగా వదిలిపెట్టదు. దాన్ని అన్ని పక్కలా కదిలే చట్రాల్లో వేలాడదీస్తే, చుట్టూ ఉన్న పెట్టె ఎటు వంగినా లోపలి చక్రం మాత్రం తన దిక్కులోనే నిలుస్తుంది. ఫ్రాన్స్ శాస్త్రవేత్త లియాన్ ఫూకో 1852లో భూమి తిరగడాన్ని చూపించడానికి ఇలాంటి చక్రాన్ని వాడి, దానికి గైరోస్కోప్ అని పేరు పెట్టాడు. 1929 సెప్టెంబరు 24న న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డ్‌లో జిమ్మీ డూలిటిల్ అనే పైలట్, తన సీటును పూర్తిగా గుడారంతో కప్పించుకుని, బయటికి చూడకుండా పరికరాలను మాత్రమే చూసి విమానాన్ని లేపి, చుట్టి, దించాడు. ముందు సీటులో జాగ్రత్త కోసం మరో పైలట్ ఉన్నా ఆయన చేయి పెట్టలేదు. ఆనాడు డూలిటిల్ ముందు ఉన్నవాటిలో స్పెర్రీ సంస్థ చేసిన కృత్రిమ దిగంతరేఖ, దిశా గైరో ముఖ్యమైనవి. ఈనాటికీ ఎన్నో చిన్న విమానాల్లో ఉన్నవి వాటి సంతతే.

ఇప్పుడు ఆ పలకను ఒకసారి చూద్దాం. సెస్నా 172 వంటి పాత శిక్షణ విమానంలో గైరో పరికరాలు మూడు ఉంటాయి. ఒకటి ఆటిట్యూడ్ ఇండికేటర్. విమానం ముక్కు పైకుందా కిందికుందా, రెక్కలు సమంగా ఉన్నాయా అని బొమ్మలా చూపిస్తుంది. రెండోది హెడింగ్ ఇండికేటర్. ఏ దిక్కుకు పోతున్నామో డిగ్రీల్లో చెబుతుంది. మూడోది టర్న్ కోఆర్డినేటర్. ఎటు, ఎంత వేగంగా తిరుగుతున్నామో చెబుతుంది. సాధారణంగా మొదటి రెండూ గాలితో తిరుగుతాయి, మూడోది కరెంటుతో తిరుగుతుంది. కావాలనే అలా పెట్టారు. ఒక ఇంట్లో ఒకే బావిని నమ్ముకోకుండా కుళాయి కూడా పెట్టుకున్నట్టు, గాలి పోతే కరెంటుదీ, కరెంటు పోతే గాలివీ పనిచేయాలని ఆ ఏర్పాటు.

గాలితో చక్రం ఎలా తిరుగుతుంది? కొబ్బరి బొండంలో గొట్టం పెట్టి పీలుస్తాం. నిజానికి మనం నీటిని లాగడం లేదు. నోట్లో ఒత్తిడి తగ్గిస్తే, బయటి గాలి నీటిని పైకి తోస్తుంది. ఇక్కడా అంతే. ఇంజనుకు తగిలించిన వాక్యూమ్ పంపు పరికరం పెట్టెలోని గాలిని లాగేస్తుంది. ఆ ఖాళీలోకి విమానం లోపలి గాలి ఒక ఫిల్టరు గుండా, సన్నని రంధ్రం గుండా దూసుకొచ్చి చక్రం అంచున ఉన్న చిన్న గుంటలకు తగులుతుంది. నీటిమర తిరిగినట్టు చక్రం తిరుగుతుంది. ఇందుకు కావలసిన ఒత్తిడి తేడా సుమారు 5 పాదరస అంగుళాలు. అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో ఆరో వంతు. చాలా విమానాల్లో సక్షన్ గేజి మీద 4.5 నుంచి 5.5 వరకు ఆకుపచ్చ గీత ఉంటుంది. ముల్లు అందులో ఉండాలి.

పంపులోపల ఏముంది? చమురు పోయని పొడి పంపు అయితే లోపల కార్బన్ రెక్కలు ఉంటాయి. పెన్సిల్ ములుకు రాసినప్పుడు అరిగి కాగితం మీద నల్లని పొడి రాలుస్తుంది కదా, ఈ రెక్కలు కూడా అలాగే కొద్దికొద్దిగా అరుగుతూ, ఆ పొడితోనే తమకు తాము నునుపు చేసుకుంటూ తిరుగుతాయి. వేరే కందెన అక్కరలేదు. వాడిన కొద్దీ రెక్కలు పొట్టివవుతాయి. ఒక రోజున ఒక రెక్క తన గాడిలో అడ్డంగా ఇరుక్కుంటుంది, విరుగుతుంది. అంతే, పంపు లోపల అంతా ముక్కలే. పంపు బిగుసుకుపోతే ఇంజనుకు దెబ్బ తగలకుండా, మధ్యలో తేలికగా తెగిపోయే కలపడం ఒకటి పెడతారు. అది తెగుతుంది, ఇంజను హాయిగా నడుస్తూనే ఉంటుంది. పెద్ద చప్పుడు ఉండదు, కుదుపు ఉండదు. ముందు రోజు దాకా గేజి బాగానే చూపిస్తుంది. అందుకే పొడి పంపు చెప్పి చావదని మెకానిక్కులు అంటారు.

పాత విమానాల్లో ఇంజను ఆయిలుతో నడిచే తడి పంపులు ఉండేవి. అవి చాలా కాలం మన్నుతాయి. కాని ఆయిలును వేరు చేసే ఏర్పాటు కావాలి, బరువు ఎక్కువ, విమానం పొట్ట అంతా జిడ్డు. అంతకు ముందు విమానం పక్కన బూర వంటి వెంచురీ గొట్టం ఉండేది. దాంట్లోంచి గాలి దూసుకుపోయేటప్పుడు పీల్చుడు పుట్టేది. అయితే విమానం వేగం అందుకునేదాకా అది పనిచేయదు, మంచు పట్టితే మూసుకుపోతుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. మబ్బు మధ్యలో పంపు పోయిందనుకోండి. గేజి ముల్లు వెంటనే సున్నాకు పడుతుంది. కాని గేజి పలకలో ఒక మూల చిన్నదిగా ఉంటుంది, దాని మీద ఎవరి కన్నూ ఎప్పుడూ ఉండదు. గైరో చక్రం మాత్రం వెంటనే ఆగదు. తాడు వదిలిన బొంగరం తిరుగుతూనే ఉన్నట్టు, కొన్ని నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది. ఆ సేపంతా పరికరం నిజమే చెబుతుంది. తరవాత తల ఊపడం మొదలవుతుంది. కృత్రిమ దిగంతరేఖ మెల్లగా, చాలా మెల్లగా ఒక పక్కకు ఒరుగుతుంది. పైలట్ దాన్ని చూసి విమానమే ఒరిగిందనుకుని సరిచేస్తాడు. సమంగా ఉన్న విమానాన్ని తన చేత్తోనే ఒంచేస్తాడు. ఎర్ర జెండా పడి పరికరం పనిచేయడం లేదని చెప్పే ఏర్పాటు చాలా పాత వాటిలో లేదు. ఒక్కసారిగా ఆగిపోయే గడియారం కన్నా, మెల్లగా వెనకబడే గడియారమే మనల్ని బస్సు తప్పిస్తుంది. ఇదీ అలాంటిదే.

ఈ మాట ఊహించి చెప్పేది కాదు. 2000 అక్టోబరు 16 రాత్రి, అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర గవర్నరు మెల్ కార్నహన్ ప్రయాణిస్తున్న రెండు ఇంజన్ల చిన్న విమానం వానలో కూలిపోయింది. ఆయన, విమానం నడుపుతున్న ఆయన కుమారుడు, ఒక సహాయకుడు, ముగ్గురూ చనిపోయారు. ఎడమ వైపు ముఖ్యమైన ఆటిట్యూడ్ ఇండికేటర్ సరిగా లేదనీ, కుడి వైపు దాన్ని చూస్తూ నడుపుతున్నాననీ పైలట్ నేల మీది కంట్రోలర్లకు చెప్పాడు. దిక్కు తెలియని స్థితిలో పైలట్ విమానాన్ని అదుపులో ఉంచలేకపోయాడనీ, ఆ పరికరం పాడవడమూ, వాతావరణమూ అందుకు తోడయ్యాయనీ విచారణలో తేల్చారు.

మన దేశంలోనూ ఇంతకన్నా పెద్ద దుఃఖం ఉంది. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయికి బయలుదేరిన ఎయిరిండియా జంబో విమానం, లేచిన రెండు నిమిషాలలోపే అరేబియా సముద్రంలో పడిపోయింది. 213 మందీ మరణించారు. అది పెద్ద విమానం, దాని పరికరం కరెంటుది, వాక్యూమ్‌ది కాదు. కాని జబ్బు ఒకటే. కెప్టెన్ ఎదుట ఉన్న ఆటిట్యూడ్ పరికరం విమానం కుడికి ఒరిగినట్టే చూపిస్తూ ఉండిపోయింది. కింద సముద్రం, చీకటి, చూడడానికి దిగంతరేఖ లేదు. ఆయన ఆ పరికరాన్ని నమ్మి ఎడమకు ఒంచుతూ పోయారు. పక్కన మరో పరికరం సరిగానే చూపిస్తోంది. ఒక్క పరికరాన్ని నమ్మకూడదని విద్యార్థులకు చెప్పేటప్పుడు ఈ 213 మందినీ తలచుకోవాలి.

ఇక పాతబడిన వ్యవస్థలో రోగం ఎలా కనిపెట్టాలో చూద్దాం. వైద్యుడు ముందుగా నొప్పి ఒకచోటా, ఒళ్ళంతానా అని అడిగినట్టు, ఇక్కడా మొదటి ప్రశ్న ఒకటే. చెడ్డది ఒక పరికరమా, రెండూనా?

ఆటిట్యూడ్ ఒక్కటే సోలుతూ, హెడింగ్ బాగుంటే, లోపం ఆ పరికరంలోనే ఉండే అవకాశం ఎక్కువ. బేరింగులు అరిగి ఉంటాయి. రెండూ మందగిస్తే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని చూడాలి. అంటే పంపు, రెగ్యులేటరు, గొట్టాలు, ఫిల్టర్లు.

తరవాత గేజిని చూడాలి. ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు ముల్లు కిందికుంటే కంగారు అక్కరలేదు. బయలుదేరే ముందు ఇంజను పరీక్ష చేసే వేగంలో, చాలా సెస్నాల్లో 1700 చుట్ల దగ్గర, ముల్లు ఆకుపచ్చలో ఉండాలి. అప్పుడూ కిందే ఉంటే, పంపు అరగడమో, గొట్టం ఊడడమో, పగలడమో, పలక వెనక మడతపడడమో, రెగ్యులేటరు సర్దుబాటు తప్పడమో అయి ఉంటుంది.

ముల్లు పైకి పోతే? ఇక్కడే చాలామంది పొరబడతారు. రెగ్యులేటరు అనేది ప్రెషర్ కుక్కర్ వెయిటు వంటిది. కుక్కర్‌లో ఆవిరి ఎక్కువైతే వెయిటు లేచి బయటికి వదులుతుంది. ఇక్కడ పీల్చుడు ఎక్కువైతే రెగ్యులేటరు తెరుచుకుని బయటి గాలిని కొంచెం లోపలికి రానిస్తుంది. ఆ గాలి వచ్చే దారిలో ఒక చిన్న ఫిల్టరు ఉంటుంది. దుమ్ముతో అది మూసుకుపోతే గాలి రాదు, పీల్చుడు పెరుగుతుంది, ముల్లు పైకి పోతుంది. అది చూసి స్క్రూ తిప్పి ముల్లును కిందికి దించితే గేజి బాగుపడినట్టు కనిపిస్తుంది, ఫిల్టరు మాత్రం మూసుకునే ఉంటుంది. రేపు ఎవరో ఆ ఫిల్టరు మార్చగానే పీల్చుడు ఉండవలసిన దానికన్నా తగ్గిపోతుంది. కనుక ముందు ఫిల్టరు, తరవాతే స్క్రూ.

గేజి బాగుండీ రెండు పరికరాలూ మందంగా ఉంటే ప్రధాన ఫిల్టరును అనుమానించాలి. గేజిని ఎక్కడ కలిపారన్న దాన్ని బట్టి, మూసుకున్న ఫిల్టరు దానికి కనపడకపోవచ్చు. ఫిల్టరు గుండా వచ్చే గాలి అంతా పరికరాల గుండెలోకే పోతుంది. రన్‌వే పక్క ఎర్రమట్టి దుమ్ము, చెమ్మ, అన్నీ అక్కడే పేరుకుంటాయి. విమానాల్లో సిగరెట్లు కాల్చిన కాలంలో ఆ పొగలోని తారు ఫిల్టర్లను జిగటగా చేసి, బేరింగులను చెడగొట్టేది.

చెవి కూడా ఒక పరీక్షా యంత్రమే. ఎగరడం ముగించి ఇంజను ఆపాక, అన్నీ నిశ్శబ్దమయ్యాక, పలక దగ్గర చెవి పెట్టి వినాలి. మంచి గైరో చాలా నిమిషాలపాటు సన్నగా, ఒకే స్వరంతో మూలుగుతూ మెల్లగా ఆగుతుంది. గరగరమన్నా, గిలకలా కొట్టుకున్నా, తొందరగా ఆగిపోయినా బేరింగుల కాలం తీరుతోందని అర్థం. ఇందుకు ఏ ఖర్చూ లేదు. చేయవలసింది అలవాటు ఒక్కటే.

బయలుదేరేటప్పుడు చూసుకోవలసినవి ఇంకో రెండు. ఇంజను ఆన్ చేసిన 5 నిమిషాలలోపు కృత్రిమ దిగంతరేఖ సమంగా నిలబడాలి. నేల మీద మలుపు తిరిగేటప్పుడు అది 5 డిగ్రీలకు మించి ఒరగకూడదు. హెడింగ్ ఇండికేటర్‌ను 15 నిమిషాలకొకసారి అయస్కాంత దిక్సూచితో సరిపోల్చాలి.

హెడింగ్ కొంచెం తప్పిందని వెంటనే దాన్ని నిందించకండి. అందులో కొంత భూమి తప్పు. గైరో అంతరిక్షంలో తన దిక్కు పట్టుకుని ఉంటే, కింద భూమి తిరిగిపోతుంది. ధ్రువాల దగ్గర ఆ తేడా గంటకు 15 డిగ్రీలు. భూమధ్యరేఖ దగ్గర సున్నా. మన కోలారు, హోసూరు ప్రాంతం 13 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది కనుక ఇక్కడ గంటకు మూడున్నర డిగ్రీలకు కొంచెం తక్కువ. లెక్క చేయాలనుకునే విద్యార్థులు 15ను అక్షాంశపు సైన్ విలువతో గుణించి చూడండి. అంతకు చాలా ఎక్కువగా తప్పుతుంటే అప్పుడు బేరింగుల మాట ఆలోచించాలి.

రోగం తెలిశాక వైద్యం. ఈ పని పైలట్‌ది కాదు, యజమానిది కాదు. లైసెన్సు ఉన్న విమాన నిర్వహణ ఇంజనీరు చేసి సంతకం పెట్టాలి. పరికరం విప్పి బాగుచేయడం డీజీసీఏ అనుమతి ఉన్న కార్ఖానాలోనే జరగాలి. కాని ఏం జరగాలో తెలిసి ఉంటే, జరిగిందో లేదో అడగవచ్చు.

పంపు మార్చేటప్పుడు మొదటి ప్రశ్న, పాతది ఎందుకు పోయింది? కాలం తీరి పోయిందా, ఇంజను సీలు కారి ఆయిలు లోపలికి పోయిందా, ఇంజను కడిగినప్పుడు పంపును కప్పకపోవడం వల్ల కిరోసిన్ వంటి ద్రావకం తగిలిందా, ఫిల్టరు మూసుకుని పంపు ఊపిరాడక వేడెక్కిందా? కారణం వెతకకుండా కొత్తది బిగిస్తే కొత్తదీ పోతుంది. రెండు, విరిగిన పంపులోని కార్బన్ ముక్కలు గొట్టాల్లో మిగలకూడదు. వాటిని శుభ్రం చేయాలి, లేదా గొట్టాలే మార్చాలి. ఏళ్ళ తరబడి ఇంజను వేడికి బిరుసెక్కిన గొట్టాలు లోపల పొరలుగా రాలుతాయి. మూడు, పంపుతో పాటు ఫిల్టర్లూ మార్చాలి. నాలుగు, మరల మీద టేపు, జిగురు వాడకూడదు. వాటి తునకలు లోపలికి పోతే కార్బన్ రెక్కలకు అవే శత్రువులు.

గైరోను మోసేటప్పుడు కోడిగుడ్డును మోసినట్టు మోయాలి. గట్టి బల్ల మీద అంగుళం ఎత్తు నుంచి జారినా బేరింగులకు గుంటలు పడవచ్చు. తిరుగుతున్న దాన్ని విప్పకూడదు. పూర్తిగా ఆగేదాకా ఆగాలి. మెత్తని నురుగు పెట్టెలో పెట్టి పంపాలి. ఎంతో శ్రద్ధగా బాగుచేసిన గైరో, బస్సు పైన పడేసిన పెట్టెలో తిరిగొస్తే చెడిపోయే వస్తుంది.

పొడి పంపును విరిగేదాకా వాడడం మంచి పొదుపు కాదు. తయారుచేసినవారు చెప్పిన గంటలు నిండగానే మార్చాలి. చాలా రకాలకు ఆ గడువు వందల గంటల్లోనే ఉంటుంది. కొన్ని కొత్త రకాలకు రెక్కలు ఎంత అరిగాయో చూడడానికి చిన్న రంధ్రం పెడుతున్నారు. అది ఉంటే తప్పక చూడాలి.

ఇక పాత గైరోను బాగుచేయించాలా, తీసేసి ఎలక్ట్రానిక్ పరికరం పెట్టాలా అనే ప్రశ్న. 2015లో అమెరికా విమానయాన శాఖ చిన్న విమానాల్లో వాక్యూమ్ ఆటిట్యూడ్ స్థానంలో ఎలక్ట్రానిక్‌వి పెట్టుకోవడాన్ని సులభం చేసింది. 2016 నుంచి గార్మిన్ జీ5 వంటి చిన్న తెరలు వచ్చాయి. వీటిలో తిరిగే చక్రం లేదు. కంటికి కనపడనంత చిన్న సిలికాన్ ముక్క కంపిస్తూ ఉంటుంది, విమానం తిరిగితే ఆ కంపనం తీరు మారుతుంది, దాన్నిబట్టి లెక్క కడుతుంది. చాలా సెల్‌ఫోన్లలోనూ ఇలాంటి ముక్క ఉంటుంది. అంతమాత్రాన ఫోన్ విమాన పరికరం అయిపోదు. పరీక్షించి ఆమోదించినదే పలకలో ఉండాలి. మన దేశంలో ఆ మార్పుకు డీజీసీఏ అంగీకారం ఉండాలి.

ఆటిట్యూడ్, హెడింగ్ రెండూ ఎలక్ట్రానిక్ అయితే పంపు, గొట్టాలు, ఫిల్టర్లు మొత్తం తీసేయవచ్చు, బరువూ తగ్గుతుంది. కాని ఇంతకు ముందు చెప్పిన రెండు బావుల మాట మరిచిపోకండి. అన్నీ కరెంటు మీదే ఆధారపడితే, కరెంటు పోయినప్పుడు ఏమిటి? అందుకే పరికరానికి సొంత బ్యాటరీ ఉండాలి, ఆ బ్యాటరీని గడువు ప్రకారం పరీక్షించాలి. ఖర్చు లెక్క వేసేటప్పుడు ఒక్క గైరో బాగుచేయించే ఖర్చును చూడకూడదు. వచ్చే పదేళ్ళలో పంపులకూ, ఫిల్టర్లకూ, మళ్ళీ మళ్ళీ బాగుచేయింపులకూ అయ్యేదంతా ఒక పక్కన వేసి చూడాలి. విమానం మబ్బులోకి ఎప్పుడూ వెళ్ళదు, పగటి పూట తేట ఆకాశంలోనే ఎగురుతుందంటే, మంచి గైరోను బాగుచేయించుకోవడమూ సరైన నిర్ణయమే.

ఎంత జాగ్రత్త పడినా ఒక రోజున పంపు పోవచ్చు. అప్పుడు ఏం చేయాలి? పరికరాలను ఒకదానితో ఒకటి సరిపోల్చే అలవాటే కాపాడుతుంది. దిగంతరేఖ ఎడమకు ఒరిగిందని చెబుతోంది. కరెంటుతో తిరిగే టర్న్ కోఆర్డినేటర్ తిన్నగా పోతున్నామంటోంది. దిక్సూచి కదలడం లేదు, వేగం పెరగడం లేదు, ఎత్తు తగ్గడం లేదు. ఒక్కరు ఒక మాట, నలుగురు మరో మాట చెబుతుంటే ఎవరిని నమ్మాలి? వెంటనే సక్షన్ గేజి చూడాలి. అది సున్నాలో ఉంటే, అబద్ధం చెప్పే పరికరాన్ని కాగితంతో కప్పేయాలి. తప్పని తెలిసినా కన్ను దాని వైపే పోతుంది, చేయి కంటి వెంటే పోతుంది. కప్పేసి, మిగిలిన వాటితో రెక్కలు సమంగా ఉంచి, నేల మీది వారికి రేడియోలో చెప్పి, తేట ఆకాశం ఉన్న వైపు వెళ్ళాలి. దీన్ని శిక్షణలో మళ్ళీ మళ్ళీ సాధన చేయిస్తారు. ఒకసారి చేసి వదిలేస్తే అవసరమప్పుడు చేతికి రాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లల్ని విమాన శిక్షణలో చేర్చేటప్పుడు ఫీజు ఎంత, హాస్టలు ఎలా ఉందని అడుగుతాం. అవి అడగవలసినవే. వాటితో పాటు మరో నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ విమానంలో వాక్యూమ్ పంపు ఎన్ని గంటల కిందట మార్చారు? ఫిల్టర్లు ఎప్పుడు మార్చారు? పంపు పోతే తోడుగా ఇంకేముంది? పరికరం పోయినట్టు నటింపజేసి ఎన్నిసార్లు సాధన చేయిస్తారు? మంచి పాఠశాల ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు, లాగ్‌బుక్ తెచ్చి చూపిస్తుంది. ఇవి ఇంగ్లీషులోనే అడగాలని ఏమీ లేదు. తెలుగులో అడగండి, కన్నడంలో అడగండి, తమిళంలో, మరాఠీలో, ఒడియాలో అడగండి. ప్రశ్న సరైనదైతే జవాబు చెప్పి తీరాలి.

విద్యార్థులకు ఒక చిన్న పని. ఈ సాయంత్రం ఒక బొంగరం తీసుకుని తిప్పండి. అది నిటారుగా ఉన్నంతసేపు కాదు, తల ఊపడం మొదలుపెట్టిన క్షణాన్ని గుర్తుపట్టండి. ఆ క్షణం ఎంత మెల్లగా వస్తుందో, మొదట దాన్ని కనిపెట్టడం ఎంత కష్టమో చూస్తే, మబ్బులో ఉన్న పైలట్ కష్టం మీకు అర్థమవుతుంది.